95 గోల్స్‌కు ఒక్క మార్కు

అశోక్‌నగర్‌లో రాత్రి పదకొండు దాటినా ఎవరూ పడుకోరు. రీడింగ్ రూముల్లోంచి కళ్లు నులుముకుంటూ బయటికొచ్చిన పిల్లలంతా టీ బండి చుట్టూ చేరతారు. చేతిలో గ్లాసు, చంకలో బిట్ బ్యాంకు. ఒకడు అడుగుతాడు, ఇంకొకడు చెబుతాడు. చాయ్ చల్లారేలోపు పాతిక ప్రశ్నలు అయిపోతాయి. మా ఇల్లు కవాడిగూడలో. భోజనం అరగడానికి ఇందిరా పార్కు పక్కనుంచి అటే నడుస్తుంటాను. మొన్న ఒక మంగళవారం ఆ గుంపు దగ్గర ఆగాను.

"ఖేల్ రత్న అందుకున్న తొలి ఫుట్‌బాలర్?"

"సునీల్ ఛెత్రి. 2021."

"పుట్టిన ఊరు?"

"సికింద్రాబాద్. 1984 ఆగస్టు 3."

తడుముకోవడం లేదు. నాకు ముచ్చటేసి, "ఆయన ఆట ఎప్పుడైనా చూశారా?" అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకడు రొనాల్డో పేరున్న ఎర్ర జెర్సీ వేసుకున్నాడు. వాడే తేల్చేశాడు: "గోల్స్ అయితే మస్తున్నయ్ గానీ అన్నా, ఎవరి మీద కొట్టిండు? నేపాల్ మీద, మాల్దీవుల మీద. గంతే గదా!" అందరూ నవ్వారు. గ్లాసులు ఖాళీ చేసి రూముకు బయల్దేరారు. రాత్రి ఒంటిగంటన్నరకు ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఉందట.

ఆ మాట ఆ కుర్రాడు కనిపెట్టింది కాదు. ఇరవై ఏళ్లుగా మన దేశంలో ఫుట్‌బాల్ తెలిసినవాళ్లం అనుకునే ప్రతి గుంపులోనూ తిరుగుతున్న మాటే. 2005 జూన్ 12న క్వెట్టాలో పాకిస్తాన్ మీద తొలి మ్యాచ్ ఆడి, ఆ మ్యాచ్‌లోనే గోల్ కొట్టిన మనిషి, 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి సెలవు తీసుకునేసరికి లెక్క 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. మళ్లీ పిలిస్తే వచ్చి ఇంకొకటి కొట్టాడు. దేశం తరఫున అంతకంటే ఎక్కువ గోల్స్ కొట్టిన మగవాళ్లు ప్రపంచం మొత్తమ్మీద ముగ్గురే: రొనాల్డో, మెస్సీ, ఇరాన్ ఆటగాడు అలీ దాయీ. ఆ వరుసలో నాలుగో పేరు మనది. ఆ పేరు వినగానే మనవాడు నవ్వుతాడు.

"మనది" అనడంలో కొంచెం దొంగతనం ఉందని ముందే ఒప్పుకుంటాను. ఛెత్రి తండ్రి సైన్యంలో ఈఎంఈ విభాగంలో పనిచేశారు. ఆయన కొలువు పుణ్యమా అని పిల్లాడు కంటోన్మెంట్‌లో పుట్టాడు, తర్వాత బదిలీల వెంట ఊళ్లు తిరిగాడు. ఆట నేర్పింది సికింద్రాబాద్ కాదు. పదిహేడేళ్లకు మోహన్ బగాన్‌లో చేరినప్పుడు ఈ ఊరికి ఆ సంగతే తెలియదు. అయినా పుట్టిన ఊరి గడిలో మన పేరు ఉంది కాబట్టి పరీక్షలో ఒక్క మార్కు మనకొస్తుంది. ఆ మార్కు దగ్గరే మన సంబంధం ఆగిపోయింది.

సరే, "ఎవరి మీద కొట్టిండు" అన్న ప్రశ్నకు వద్దాం. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదది. ఛెత్రి గోల్స్‌లో పెద్ద వాటా దక్షిణాసియా జట్ల మీదే. ప్రపంచ కప్ మొహం చూడలేదు. ఖతార్‌లో 2024 జనవరిలో జరిగిన ఆసియా కప్‌లో మన జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోల్ కొట్టలేదు. అందులో కెప్టెన్‌గా ఆయన వాటా ఆయనకుంది. అమెరికాలో కాన్సస్ సిటీ, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ రెండో జట్టు, రెండు చోట్లా నిలదొక్కుకోలేకపోయాడు. వీటిని దాచిపెట్టి పొగిడితే అది అభిమాన సంఘం కరపత్రం అవుతుంది.

కానీ 2011 ఆసియా కప్‌లో బహ్రెయిన్ మీద, దక్షిణ కొరియా మీద కొట్టినవీ ఆ లెక్కలోనే ఉన్నాయి. 2019 ఆసియా కప్‌లో థాయిలాండ్‌ను 4-1తో ఓడించిన మ్యాచ్‌లో రెండు కొట్టి, దేశం తరఫున గోల్స్‌లో ఆ రోజుకు మెస్సీని దాటాడు. అదే ఏడాది సెప్టెంబరులో గువాహటిలో ఒమన్ మీద మనకు ఆధిక్యం ఇచ్చింది ఆయన గోలే. తర్వాత రెండు ఇచ్చుకుని మ్యాచ్ పోగొట్టుకుంది మిగతా జట్టు. ఇంకో సంగతి. 2009లో ఇంగ్లండ్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ క్లబ్ ఆయన్ను తీసుకోవడానికి సిద్ధపడింది. అక్కడి ప్రభుత్వం వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. కారణం, ఫిఫా ర్యాంకుల్లో మన దేశం మొదటి 70లో లేకపోవడం. అంటే దేశం ర్యాంకు చిన్నదని పెద్ద జట్ల గేటు వేశారు. పెద్ద జట్ల మీద ఆడలేదని ఇక్కడ మనం నవ్వుతున్నాం. ఇటు నుంచి అద్దె పెంచి, అటు నుంచి ఇల్లు ఖాళీ చేయమన్నట్టు!

ఇదంతా లెక్కల గొడవ. నా అనుమానం వేరే. మనవాళ్లు ఛెత్రిని తూచి తక్కువని తేల్చలేదు. అసలు చూడలేదు. అందులోనూ స్ట్రైకర్‌ను చూడటం అనేది మనకు పెద్దగా అలవాటు లేని విద్య.

90 నిమిషాల ఆటలో స్ట్రైకర్ కాలి దగ్గర బంతి ఉండేది రెండు నిమిషాలుంటే ఎక్కువ. మిగతా సమయమంతా ఆయన పనిలేనివాడిలా కనిపిస్తాడు. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. అవతలి అంచున వింగర్ డ్రిబ్లింగ్ చేస్తుంటే మనకు కనిపించేది వింగరే. ఆ క్షణంలో మైదానంలో కూర్చుని ఉంటే, బంతిని వదిలేసి స్ట్రైకర్‌ను చూడండి. డిఫెండర్ వెనక, సరిగ్గా భుజం చాటున నిలబడతాడు. డిఫెండర్‌కు బంతి కనిపిస్తే ఇతను కనిపించడు, ఇతన్ని చూస్తే బంతి కనిపించదు. ఆ ఇరకాటంలో పెట్టి రెండు అడుగులు దూరపు పోస్టు వైపు వేస్తాడు. డిఫెండర్ కూడా రెండు అడుగులు వేస్తాడు. అంతే, ఇతను మడమ మీద తిరిగి దగ్గరి పోస్టుకు దూసుకొస్తాడు. కబడ్డీలో కూతకెళ్లినవాడు ఎడమ కార్నర్‌కు ఆశ పెట్టి కుడి కార్నర్‌ను తాకినట్టు. బంతి వచ్చేసరికి దాని ముందు గజం ఖాళీ. కాలు పెట్టాడు, గోల్. టీవీలో చూసినవాడు "ఇదేముంది, నేనూ కొడతా" అంటాడు. ఆ గజం ఎక్కడి నుంచి వచ్చిందో వాడు చూడలేదు కదా.

అలాంటి పది పరుగుల్లో తొమ్మిదింటికి పాస్ రాదు. తిరిగి నడుచుకుంటూ వెనక్కి వస్తాడు, మళ్లీ మొదలుపెడతాడు. ఛెత్రి ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. తనకంటే అరడుగు పొడుగున్న డిఫెండర్ల మధ్య తలతో అన్ని గోల్స్ ఎలా కొట్టాడంటే, ఎగరడం కంటే ముందు ఎప్పుడు ఎగరాలో తెలుసు కాబట్టి. ముప్పై ఏళ్లు దాటాక పరుగులో వేగం తగ్గింది. ఆ రెండు అడుగుల మోసం మాత్రం తగ్గలేదు. నలభై నిండాక కూడా, 2024 డిసెంబరులో మన దేశవాళీ లీగ్ ఐఎస్ఎల్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద హ్యాట్రిక్ కొట్టాడు.

ఈ కష్టం ఛెత్రి ఒక్కడిదే కాదు. పశ్చిమ జర్మనీకి గెర్డ్ ముల్లర్ ఉండేవాడు. పొట్టి, బొద్దు. బాయర్న్‌లో తొలి కోచే "పొట్టి లావు ముల్లర్" అని ఆటపట్టించేవాడు. దేశానికి ఆడింది 62 మ్యాచ్‌లు, కొట్టింది 68 గోల్స్. 1974 ప్రపంచ కప్ ఫైనల్లో హాలండ్ మీద గెలుపు గోల్ ఆయనదే. బంతి కొంచెం వెనకబడితే ఒక అడుగు వెనక్కి వేసి, తిరిగి, నేల బారుగా కొట్టాడు. అందం ఏమీ లేదు. ఆ ఫైనల్ గురించి మాట్లాడేవాళ్లు ఇవాళ్టికీ ముందు చెప్పేది అటు క్రైఫ్ గురించి, ఇటు బెకెన్‌బావర్ గురించి. కప్పు తెచ్చిన కాలు మూడో పేరాలో వస్తుంది.

పోనీ, మనం మైదానానికి వెళ్లామా? నా సంగతే చెప్తాను. 2008 జూలై చివర్లో, ఆగస్టులో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ హైదరాబాద్‌లోనే జరిగింది. ఎల్బీ స్టేడియంలో, గచ్చిబౌలిలో. కవాడిగూడ నుంచి ఎల్బీ స్టేడియం ఎంత దూరం? దోమలగూడ దాటి, హిమాయత్‌నగర్ మీదుగా బషీర్‌బాగ్. తాపీగా నడిచినా గంట పట్టదు. సెమీఫైనల్లో మయన్మార్ మీద 1-0తో గెలిచాం, ఆ ఒక్క గోల్ ఛెత్రిది. వానలకు మైదానం పాడై ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ తజికిస్తాన్ మీద హ్యాట్రిక్ కొట్టాడు, 4-1. ఆ గెలుపుతోనే 27 ఏళ్ల తర్వాత మన దేశానికి ఆసియా కప్‌లో చోటు దొరికింది. నేను ఒక్క మ్యాచ్‌కూ వెళ్లలేదు. బీజింగ్ ఒలింపిక్స్ మొదలవుతున్న రోజులవి. టీవీ ముందు నుంచి లేవలేదు. ఎల్బీ స్టేడియం అంటే మాకు ముఖ్యమంత్రులు ప్రమాణ స్వీకారం చేసే చోటు. అక్కడ బంతి కూడా ఆడతారన్నది గుర్తుంటే కదా! కాబట్టి టీ బండి దగ్గర కుర్రాణ్ని తిట్టే హక్కు నాకు అంతంతమాత్రమే.

పదేళ్ల తర్వాత అలాంటి ఖాళీ కుర్చీలే ఛెత్రి చేత నోరు తెరిపించాయి. 2018 జూన్ 1న ముంబైలో, ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో చైనీస్ తైపీ మీద 5-0 గెలుపు, అందులో ఆయన హ్యాట్రిక్. చూడటానికి వచ్చింది రెండున్నర వేల మంది. మర్నాడు ఆయన ఒక వీడియో పెట్టాడు. యూరప్ క్లబ్బుల అభిమానులకు అందులో ప్రత్యేకంగా చెప్పాడు: మా స్థాయి అంత లేదు, ఒప్పుకుంటాను, అయినా రండి, వచ్చి తిట్టండి, కానీ మైదానానికి రండి. కెన్యాతో తర్వాతి మ్యాచ్ ఆయనకు నూరోది. వానలో స్టేడియం నిండింది. రెండు కొట్టాడు. ఆ టోర్నీ ముగిసేసరికి ఎనిమిది. ఫైనల్లో రెండు గోల్సూ ఆయనవే. దేశం తరఫున 64 గోల్స్‌తో అప్పటికి మెస్సీకి సరిసమానం అయ్యాడు. ఇక్కడ నన్ను గుచ్చేది ఒకటుంది. హ్యాట్రిక్‌కు రాని పేరు ఆ వీడియోకు వచ్చింది. ఆట చూడండని బతిమాలితే మెచ్చుకున్నాం, ఆడితే మెచ్చుకోలేదు.

అభిమానం అంటే తెలియని ఊరు కాదిది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పక్కింటి మనుషులం మనం. సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్ల ముందు కటౌట్లకు పాలు పోయడం చూస్తూ పెరిగాం. మన అభిమానానికి ఒక హీరో చాలడు, ఎదురుగా ఇంకొక హీరో ఉండాలి. వాడి అభిమానులతో కొట్లాడాలి. రొనాల్డో, మెస్సీలు సరిగ్గా ఆ అచ్చులో ఒదిగారు. చిక్కడపల్లి సందుల్లో ఇద్దరి జెర్సీలకూ సమానంగా గిరాకీ. ఛెత్రికి ఎదురు హీరో ఎవరు? భైచుంగ్ భూటియా తప్పుకున్నాక ఆ చోట నిలబడ్డ ఇంకో పేరు లేదు. పోటీ లేనివాడి కోసం ఎవడు గొంతు చించుకుంటాడు?

ఇక ఎదురు పక్షం ఉన్నచోట గొంతు వేరే రకంగా లేచింది. 2023 మార్చిలో బెంగళూరులో ఐఎస్ఎల్ ప్లేఆఫ్. అదనపు సమయంలో కేరళ బ్లాస్టర్స్ ఇంకా గోడ కట్టుకోకముందే ఛెత్రి ఫ్రీకిక్ కొట్టేశాడు, గోల్ అయింది. అన్యాయమంటూ బ్లాస్టర్స్ కోచ్ జట్టునంతా మైదానం నుంచి తీసుకెళ్లిపోయాడు. ఆ రాత్రి నుంచి ఆ క్లబ్ అభిమానుల్లో చాలామందికి ఛెత్రి అంటే మోసగాడు. గోడ కట్టేదాకా ఆగాలా అక్కర్లేదా అన్నది రిఫరీ తేల్చాలి. ఆ సందు చూసినవాడి బుర్రను మెచ్చుకోవాలంటే మాత్రం పగ అడ్డొస్తుంది. నా మటుకు నాకు అది నూటికి నూరు పాళ్లు స్ట్రైకర్ గోల్: అందరూ నిలబడి ఉన్నప్పుడు ఒక్కడు ఆలోచించడం.

గోల్ కొట్టేవాణ్ని మర్చిపోవడం ఈ ఊరికి ఛెత్రితో మొదలు కాలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన రోజుల్లో అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పెరిగిన కుర్రాడు తులసీదాస్ బలరాం. అక్కడి నుంచి ఫతే మైదాన్‌కు ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ లేదంటే, అద్దె సైకిల్‌కు కోచ్ రహీం సాబ్ చేతి డబ్బులు ఇచ్చేవారట. ఆ ఫతే మైదానే ఇప్పటి ఎల్బీ స్టేడియం. ఆ సైకిల్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద 2-1తో ఓడాం, మన గోల్ బలరాందే. పెరూ మీద ఓడిన మ్యాచ్‌లోనూ మన గోల్ ఆయనదే. ఎవరి మీద కొట్టాడు అని అడిగేవాళ్లకు హంగరీ చాలదూ? ఆ హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలుచుకెళ్లింది. బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ముప్పై రాకుండానే ఆట మానేశాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అని ముగ్గురినీ కలిపి త్రిమూర్తులనేవాళ్లు. మిగతా ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, బలరాంకు రాలేదు. బెంగాల్‌లోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు.

అదే ఏడాది ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ పోయాడు, ఇక్కడే, హైదరాబాద్‌లో. 1977లో పీలేను వెంటేసుకుని న్యూయార్క్ కాస్మోస్ ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే, 2-2గా ముగిసిన ఆ మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున ఒక గోల్ హబీబ్‌ది. కోల్‌కతాలో "బడే మియా" అంటే ఇప్పటికీ కళ్లు మెరిసే ముసలివాళ్లున్నారు. మన దగ్గర ఆ పేరు చెబితే సినిమానా అంటారు. ఒకే ఏడాదిలో ఇద్దరు వెళ్లిపోయినా చిక్కడపల్లిలో ఒక ఫ్లెక్సీ కూడా నా కంట పడలేదు. కార్పొరేటర్ మేనల్లుడి పుట్టినరోజుకు మాత్రం ఆరు కనిపించాయి.

"ఎవరి మీద కొట్టిండు" అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇంకొకటుంది. అది గచ్చిబౌలిలో దొరికింది. 2024 జూన్‌లో ఛెత్రి తప్పుకున్నాడు. సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ హైదరాబాద్‌లో పెట్టారు. కొత్త కోచ్ మనోలో మార్కెజ్. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ టైటిల్ తెచ్చిపెట్టిన మనిషే. మొదటి మ్యాచ్ మారిషస్‌తో. వాళ్ల ఫిఫా ర్యాంకు 179. ఫలితం 0-0. రెండోది సిరియాతో, 0-3. నవంబరులో మళ్లీ ఇక్కడే మలేసియాతో 1-1, ఆ ఒక్కటీ కొట్టింది డిఫెండర్ రాహుల్ భేకే. ఛెత్రి పుట్టిన ఊళ్లో, ఛెత్రి లేకుండా, మూడు మ్యాచ్‌లకు ఒక గోల్. చిన్న జట్ల మీద కొట్టడం అంత తేలికైతే మారిషస్ మీద ఎవరో ఒకరు కొట్టి ఉండాల్సింది. 2024 సంవత్సరమంతా మన జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు.

చివరికి మనోలో అడిగితే నలభై ఏళ్ల మనిషి మళ్లీ బూట్లు కట్టుకున్నాడు. 2025 మార్చి 19, షిల్లాంగ్. మాల్దీవుల మీద 3-0. 489 రోజుల తర్వాత మనకు అదే తొలి గెలుపు. మూడో గోల్ లిస్టన్ కొలాసో క్రాస్‌కు ఛెత్రి తలతో కొట్టింది. ఆ తర్వాత బంగ్లాదేశ్‌తో డ్రా, అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో ఓటమి, 2027 ఆసియా కప్‌కు దారి మూసుకుపోవడం. ఒక్కడి భుజాల మీద ఎన్నాళ్లు మోయించుకుంటాం అని కొందరు ఆయన్నే తిట్టారు. బరువు మోస్తున్నవాడు దించితే తప్ప బరువెంతో తెలియలేదు, దించాక కూడా మోసినవాడిదే తప్పయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ కథ కూడా ఆ అక్టోబరుతోనే ముగిసింది. క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఇక మీదట ఐఎస్ఎల్ చూడాలంటే మనకూ టీవీయే గతి.

వారం తర్వాత టీ బండి దగ్గర ఎర్ర జెర్సీ కుర్రాడు మళ్లీ కనిపించాడు. జెర్సీ ఉతుకులో ఉన్నట్టుంది, ఈసారి మామూలు చొక్కా. బిట్ బ్యాంకు తెరిచి నాకే చూపించాడు. క్రీడల పేజీలో "సునీల్ ఛెత్రి అంతర్జాతీయ గోల్స్: 94" అని అచ్చయి ఉంది. 94 కొట్టేసి, పక్కన నీలం పెన్నుతో 95 అని రాసుకున్నాడు.

"పాత ఎడిషన్ అన్నా. ఎగ్జామ్ల గిట్లనే దెబ్బతింటం."

"ఆ తొంభై ఐదోది ఎలా కొట్టాడో తెలుసా?" అన్నాను.

"ఎవరి మీద?"

"మాల్దీవులు."

"చెప్పిన గదా!" అని గట్టిగా నవ్వాడు. ఎడమ నుంచి క్రాస్ ఎలా వచ్చిందో, ఇద్దరి మధ్యలోకి ఎలా దూరాడో చేతులతో చూపించబోయాను. ఒక చేతిలో చాయ్ గ్లాసు ఉండటంతో కుదరలేదు. గ్లాసు బండి మీద పెట్టి తిరిగేసరికి వాడు పేజీ తిప్పేశాడు.

"హాకీ. ధ్యాన్‌చంద్ పుట్టిన ఊరు?"